మూడో కొండ

"నీ యెంట పురుషోత్తం వస్తనంటె పో. లేకుంటె ఆ ముచ్చటే ఇడిచిపెట్టు" అన్నాడు మా నాయిన.

1999 నవంబరు మొదటి వారం. నాయిన అప్పుడే డ్యూటీ దిగి వచ్చాడు. ఖాకీ చొక్కా విప్పి దండెం మీద వేసి, పీట మీద కూర్చుని చాయ్ తాగుతున్నాడు. ఆయన సిటీ బస్సు కండక్టరు. మా చెల్లె హరిప్రియ గడప దగ్గర నిలబడి ఉంది. చేతిలో కాలేజీ వాళ్లిచ్చిన కాగితం. దాని మీద తండ్రి సంతకం కావాలి.

హరి అప్పుడు డిగ్రీ ఆఖరి సంవత్సరం. ఎన్‌సీసీలో చేరి రాళ్లెక్కడం నేర్చుకుంది. ఆ కాలేజీలో ఆటలు నేర్పే ఉమ్మే హానీ మేడం ప్రతి చలికాలం కొంతమంది ఆడపిల్లల్ని కొండలకు తీసుకుపోయేది. ఆ ఏడు ఆమెకు ఒక అవకాశం వచ్చింది. హిమాలయాల్లో మంచుకొండలెక్కడం నేర్పే నెలరోజుల శిక్షణకు ఒక్క అమ్మాయి పేరు పంపవచ్చు. ఎవరిని పంపాలో తేల్చడానికి మేడం ఒక పరీక్ష పెట్టింది. మహారాష్ట్రలో కల్సూబాయి, రతన్‌గఢ్, హరిశ్చంద్రగఢ్ అని మూడు పెద్ద కొండలున్నాయి. శనివారం రెండు, ఆదివారం ఒకటి. రెండు రోజుల్లో మూడు శిఖరాలూ ఎక్కి దిగాలి. అందరికన్నా బాగా ఎక్కిన అమ్మాయి పేరు సోమవారం పోతుంది.

"మేడం ఉంటది గద నాయినా" అంది హరి.

"ఉంటది. తొమ్మిది మంది పిల్లలను ఆమె ఒక్కతి ఏం సూస్తది? ఇర్వై ఏండ్ల సంది బస్సుల నిలవడి సూస్తున్న బిడ్డా. ఎవడెట్లుంటడో నాకు ఎర్క."

నాయిన చెడ్డవాడు కాదు. బస్సులో ఆడవాళ్లను తోసేవాళ్లను కాలర్ పట్టుకుని దించినందుకు రెండుసార్లు దెబ్బలు తిన్న మనిషి. కాని రోజూ చూసినవన్నీ ఇంటికి మోసుకొచ్చేవాడు. అవి హరి మీద పడేవి.

హరి నా వైపు చూసింది. ఆ పురుషోత్తం నేనే. నాకప్పుడు ఇరవై ఆరేళ్లు. అఫ్జల్‌గంజ్‌లో ఒక ప్రింటింగ్ దుకాణంలో పెళ్లిపత్రికలు కంప్యూటర్‌లో కూర్చేవాణ్ని. బీకాం రెండు పేపర్లు మిగిలిపోయి ఐదేళ్లయింది. ఎస్సై సెలక్షన్ల కోసం పొద్దున్నే పరుగెత్తడం మొదలుపెట్టి పదిరోజుల్లో మానేశాను. టైపు హయ్యర్‌కు ఫీజు కట్టి పరీక్ష రాయలేదు. వీటి గురించి ఇంట్లో ఎవరూ అనడం కూడా మానేశారు.

"పోతం తియ్ నాయినా. నేనుంట గద" అన్నాను.

నాయిన నన్ను కాసేపు చూసి, జేబులోంచి పెన్ను తీసి సంతకం పెట్టాడు. మా అమ్మ రాజమణి వంటింట్లోంచి "మంచు అంటున్నరు, స్వెట్టర్లు గిట్ల కొనాలెనా?" అని అడిగింది. హరి నవ్వింది. ఆ నవ్వుకు నేనే కారణమని నాకు మస్తు గర్వంగా అనిపించింది.

మూడు వారాలు తయారయ్యాం. పొద్దున ఐదింటికి లాల్‌దర్వాజా నుంచి నడిచి పెద్ద రోడ్డెక్కి మొదటి బస్సు పట్టుకుని మౌలాలి గుట్టకు పోయేవాళ్లం. హరి సంచిలో రెండు ఇటుకలు వేసుకునేది. నేను ఒకసారి ఎక్కి దిగేలోపు ఆమె మూడుసార్లు ఎక్కేది. ఉమ్మే హానీ మేడం అక్కడే ఉండేది. యాభై దాటిన మనిషి, షాలిబండలో ఉంటుంది. సల్వార్ కమీజు మీద దుపట్టా నడుముకు బిగించి, గుడ్డ బూట్లతో మెట్లెక్కేది. ఆమె ఊపిరి తీసుకోవడం ఎప్పుడూ వినిపించలేదు.

"ఏం భాయ్, ఎట్లుంది?" అని నన్ను అడిగేది.

"మంచిగుంది మేడం."

"మంచిగ లేదు. మొఖం చెప్తున్నది. ఫికర్ నక్కో. నీకు పరీక్ష లేదు గద, మెల్లగ రా."

నీకు పరీక్ష లేదు గద. ఆమె నా మేలు కోరే అన్నది. నేను ఆ మాటను దారంతా నమిలాను.

నవంబరు ఆఖరులో ఒక గురువారం సాయంత్రం సికింద్రాబాద్‌లో మన్మాడ్ బండి ఎక్కాం. శుక్రవారం మధ్యాహ్నానికి జీపుల్లో కల్సూబాయి కింద ఉన్న బారీ అనే పల్లెకు చేరాం. శనివారం ఇంకా తెల్లారకముందే మేడం అందరినీ నిలబెట్టింది. తొమ్మిది మంది అమ్మాయిలు, నాలాగా చెల్లెళ్లకు తోడు వచ్చిన అన్నలు ఇద్దరు, దారి చూపే ముసలాయన ఒకడు.

"ఎక్కేటప్పుడు ఎవరు ముందున్నరు, ఎవరు ఎనకున్నరు అని సూడొద్దు. మీ కాలు సూసుకోన్రి" అంది మేడం.

కల్సూబాయి మహారాష్ట్రలో అన్నిటికన్నా ఎత్తయిన కొండ. కింద వరిచేలు, తర్వాత ఎండిన గడ్డి, ఆ పైన రాతిగోడలు. నిలువుగా ఉన్న చోట ఇనుప నిచ్చెనలు బిగించారు. రెండో నిచ్చెన దగ్గరికి వచ్చేసరికి నా చొక్కా తడిసిపోయి, గాలికి వీపు మీద మంచుగడ్డలా అంటుకుంది. పైకి చూస్తే హరి ఎర్ర జాకెట్టు నాలుగో మలుపులో కనిపించింది. ఆమె పరుగెత్తడం లేదు. ఒకే తీరుగా, ఆగకుండా, ఇంట్లో నీళ్లబిందె తెచ్చినంత మామూలుగా నడుస్తోంది.

నేను పైకి చేరేసరికి అందరూ వచ్చి గంటయింది. శిఖరం మీద అమ్మవారి చిన్న గుడి, దాని చుట్టూ నిలవలేనంత గాలి. హరి పరుగెత్తుకొచ్చి తన స్వెట్టర్ నా భుజాల మీద కప్పింది.

"అన్నా, అదిగో సూడు, డ్యాం నీళ్లు. దానెనక కనవడ్తున్నదే, అది రతన్‌గఢ్. పొద్దుమీకె వరకు దాని మీదుంటం మనం."

మేడం గుడిగోడకు ఆనుకుని బిస్కెట్లు పంచుతోంది. నా చేతిలో రెండు పెట్టి మెల్లగా అంది, "భాయ్, పదిహేనేండ్ల సంది పిల్లలను తెస్తున్న. గిట్ల నడిచే పిల్లను సూడలే."

"మా నాయిన పోలిక మేడం. రోజంత నిలవడే ఉంటడు" అన్నాను. నవ్వడానికే అన్నాను కాని నా గొంతు నాకే వేరేగా వినిపించింది.

మధ్యాహ్నం రతన్‌గఢ్. అడవిలోంచి దారి. చివర మళ్లీ నిచ్చెనలు. ఆ నిచ్చెనల కింద నేను కూర్చుండిపోతే హరి వెనక్కి దిగి వచ్చింది. నా సంచి తీసి తన ముందు వేసుకుని, "నా ఎనక రా, ఇంకేం సూడకు, నా మడిమలు సూసుకుంట రా" అంది. అలాగే ఎక్కాను. పైన కోట గోడ మీద కూర్చుని ఆయాసపడుతుంటే వీపు నిమిరింది.

"రెండు ఎక్కినవ్ అన్నా. ఇంటికి పోయినంక నాయినకు నేనే చెప్త. నువ్వు చెప్తె నమ్మడు."

ఆమె నవ్వులాటకే అంది. నేనూ నవ్వాను.

ఆ సాయంత్రం రతన్‌వాడీ ఊళ్లో ఒక ఇంటి అరుగు మీద బస చేశాం. జొన్నరొట్టెలు, ఎర్రకారం పెట్టారు. తిన్నాక నేను దుప్పటి కప్పుకుని పడుకున్నాను. నిద్రపోయాననుకున్నారో ఏమో, మేడం, హరి నా తలవైపు కూర్చుని మాట్లాడుకోవడం వినిపించింది.

"ఐదుగురు ఆగిపోయిన్రు. మిగిలినోళ్లల్ల నువ్వు, సాయిప్రియ బాగ ఎక్కుతున్నరు. సాయిప్రియ మంచి పిల్లనే. కాని బేటా, నాకు నువ్వే కావాలె. రేపొక్కటి ఎక్కెయ్. సోమవారం నీ పేరు పంపుత."

హరి "మంచు మీద నడిస్తె సప్పుడైతదా మేడం?" అని అడిగింది.

నేను దుప్పటి కింద కళ్లు తెరుచుకుని ఉన్నాను. మా ఇంటి గోడకు ఆమె ఫోటో కనిపించింది. మంచు, నల్ల కళ్లద్దాలు, చేతిలో గొడ్డలిలాంటిదేదో. దాని కింద కూర్చుని నాయిన వచ్చినవాళ్లకు చూపిస్తున్నాడు. చూసినవాళ్లు తర్వాత నా వైపు తిరిగి "మరి నువ్వేం జేస్తున్నవ్ బేటా?" అని అడుగుతున్నారు. అప్పటిదాకా మా ఇంట్లో ఎవరూ ఏమీ కాలేదు. అందుకే నేనూ ఏమీ కాకపోవడం పెద్దగా కనిపించలేదు.

ఆదివారం పొద్దున జీపులో పచ్‌నయీ అనే ఊరికి వచ్చి హరిశ్చంద్రగఢ్ మొదలుపెట్టాం. మూడింట్లో దీని దారే తేలిక. నిలువురాయిని ఆనుకుని, వాగు దాటి, తొమ్మిదిన్నరకల్లా కొండ మీది పాత శివాలయం దగ్గరికి చేరాం. అక్కడి నుంచి తారామతి అనే శిఖరం గంట నడక. అదే మూడోది.

ఇప్పుడు చెప్పబోయేది ఇన్నేళ్లలో ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. ఆ పొద్దున నా కాళ్లు నొప్పులుగా ఉన్న మాట నిజం. ఎడమ మడమ మీద పొక్కు పగిలిన మాట నిజం. కాని ఎక్కలేనంత కాదు. ముందురోజుకన్నా బాగానే ఉన్నాను. గుడి వెనక పొదల్లోంచి దారి మొదలైన చోట నా కాలి కింద ఒక రాయి జారింది. నేను కూర్చుండిపోయాను. లేవడానికి చేయి నేలకానించాను కూడా.

ముందున్న హరి వెనక్కి తిరిగింది. "ఏమైంది అన్నా?"

"మోకాలు" అన్నాను.

ఆ మాట ముందే అనుకుని అనలేదు. కాని అన్నాక వెనక్కి తీసుకోలేదు.

మేడం వచ్చి మోకాలు నొక్కి చూసింది. "వాపు లేదు."

"లోపల నొస్తున్నది మేడం."

"సరే, పర్వా లేదు. నువ్వు గుడి కాడ కూసో. ఈ ముసలాయన నీ తోని ఉంటడు. హరి నా యెంట వస్తది. గంట పోను, గంట రాను. గంతే."

అంతా తేలిపోయింది. నేను చేయాల్సిందల్లా తల ఊపడమే. ఎవరికీ ఏ నష్టమూ లేదు.

"నాయిన దాన్ని ఇడిచిపెట్టొద్దన్నడు మేడం. ఒక్క అడుగు గూడ. నాతోని ఒట్టు పెట్టించుకున్నడు" అన్నాను.

నాయిన ఏ ఒట్టూ పెట్టించుకోలేదు.

"ఒట్టు పెట్టించుకున్నడా?" అంది హరి.

ఆమె వైపు చూడకుండా తల ఊపాను. మిగిలిన అమ్మాయిలు దారిలో ఆగి చూస్తున్నారు. మేడం ఏదో అనబోయి హరి ముఖం చూసి ఊరుకుంది. హరి శిఖరం వైపు తిరిగి కాసేపు నిలబడింది. తర్వాత ఒక భుజం నుంచి సంచి దించింది. ఆ తర్వాత రెండో భుజం నుంచి.

"మీరు పోన్రి మేడం. మల్ల లేటైతది" అంది.

ఆ రెండు గంటలు గుడి మెట్ల మీద కూర్చున్నాం. గుడి పక్క రాతిలో తొలిచిన తొట్టి ఉంది, అందులో నీళ్లు చల్లగా ఉన్నాయి. హరి తన దుపట్టా తడిపి నా మోకాలికి చుట్టింది. ఎండకు ఆరిపోగానే మళ్లీ తడిపి తెచ్చింది. అలా నాలుగుసార్లు.

"గట్టిగుందా? ఇప్పాల్నా?"

"ఉండనియ్."

"ఆడికెళ్లి సూస్తె కొంకణమంతా కనవడ్తదంట అన్నా" అంది ఒకసారి. అంతకుమించి దాని గురించి మాట్లాడలేదు.

శిఖరం అంచున చిన్న చిన్న మనుషులు కనిపించారు. వాళ్లలో ఒకరు చేయి ఊపారు. హరి లేచి నిలబడి తనూ చేయెత్తి ఊపింది. వాళ్లు అవతలికి మళ్లేదాకా ఊపుతూనే ఉంది.

దిగేటప్పుడు రెండు సంచులూ ఆమె మోసింది, ఒకటి ముందు, ఒకటి వెనక. నేను ఆమె భుజం మీద చేయి వేసి కుంటుతూ దిగాను. నొప్పి లేని కాలితో కుంటడం చాలా కష్టం. ఏ కాలు అన్నది మరిచిపోకుండా చూసుకుంటూ ఉండాలి. ఆమె మెడ మీద చెమట నా చేతికి తగులుతూ ఉంది. రెండు మూడు చోట్ల "చెప్పేద్దాం" అనుకున్నాను. పైవాళ్లు అప్పటికే ఎక్కి దిగేశారు, ఇప్పుడు చెప్పి ఏం లాభం అని నాకు నేను సర్ది చెప్పుకున్నాను.

సాయంత్రం ఎనిమిది దాటాక మన్మాడ్ స్టేషన్‌కు చేరాం. జీపు ఒకటి దారిలో పంక్చరై ఆలస్యమైంది. మేము వంతెన దిగేసరికి బండి వచ్చి నిలబడి ఉంది. మా పెట్టె ఎక్కడో ముందు, ఇంజను దగ్గర. "భాగో, భాగో!" అని మేడం అరిచింది. అందరూ పరుగెత్తారు. నేనూ పరుగెత్తాను. చాయ్ అమ్మేవాళ్లను, మూటల మీద కూర్చున్నవాళ్లను తప్పించుకుంటూ, ప్లాట్‌ఫారం పొడవునా దూసుకుపోయి, పెట్టె మెట్లు ఒక్క దూకులో ఎక్కి, తలుపు దగ్గరి కడ్డీ పట్టుకుని వెనక్కి తిరిగాను.

హరి పరుగెత్తడం లేదు. రెండు సంచులతో నడిచి వస్తోంది. నా వైపే చూస్తోంది. బండి కూత వేసినా నడక మార్చలేదు. పెట్టె దగ్గరికి వచ్చి, మెట్లెక్కి, ముందు వేసుకున్న సంచి తీసి నా చేతికిచ్చింది.

"నీ సంచి" అంది.

పై బెర్తు ఎక్కి అటు తిరిగి పడుకుంది.

ఇంటికి వచ్చేసరికి నాయిన డ్యూటీకి తయారై కూర్చుని ఉన్నాడు. మమ్మల్ని చూసి లేచాడు.

"మంచిగ ఒచ్చిన్రా? అన్ని ఎక్కిన్రా?"

నేను బూట్ల తాళ్లు విప్పుకుంటూ ఉండిపోయాను.

"రెండు ఎక్కినం నాయినా. మూడోదానికి అన్న మోకాలు బెణికింది. నేనే వద్దన్న, ఉందామన్న" అంది హరి.

అమ్మ కంగారుగా ఆముదం వేడిచేసి తెచ్చింది. ఏ నొప్పీ లేని మోకాలికి ఆమె పావుగంట సేపు మర్దన చేసింది. హరి స్నానానికి నీళ్లు తోడుకుంటున్న చప్పుడు పెరట్లోంచి వినిపిస్తూనే ఉంది. నాయిన నా తల మీద చేయి పెట్టి, "పోనీ తియ్. ప్రాణం మంచిగుంటె గంతే సాలు" అని డ్యూటీకి వెళ్లిపోయాడు. సాయంత్రం వస్తూ కాగితం నిండా వేడివేడి మిర్చీ బజ్జీలు తెచ్చాడు. మా ఇంట్లో మిర్చీలు పండగలకు కూడా అరుదు.

పదిరోజుల తర్వాత ఉమ్మే హానీ మేడం మా ఇంటికి వచ్చింది. గల్లీ ఇరుకు కాబట్టి తన లూనా మూలమలుపులోనే పెట్టి నడిచి వచ్చింది. సాయిప్రియ పేరు పంపానని, అది ఖాయమైందని చెప్పింది. హరి లోపల అమ్మకు సాయం చేస్తోంది. మేడం నాయినతో, "అన్నా, వచ్చే ఏడు ఇంకో చాన్సు ఇస్తరో ఇయ్యరో నాకు తెల్వదు. కాని ఈ పిల్లను ఇంట్ల కూసోవెట్టకున్రి" అంది.

"అంతా మీ దయ మేడం. ఏం జేస్తం, పిలగాని కాలు బెణికె" అన్నాడు నాయిన, ఎంతో మర్యాదగా.

మేడం నా వైపు తిరిగింది. "మోకాలు ఎట్లుంది భాయ్?"

"మంచిగయింది మేడం."

"అల్‌హమ్‌దులిల్లా. జల్దీనే తగ్గింది" అంది. చాయ్ సగమే తాగి లేచింది.

ఆమె వెళ్లాక నాయిన అరుగు మీద కూర్చుని టికెట్ల తోలు సంచి గుడ్డతో తుడుచుకుంటూ ఏదో కూనిరాగం తీస్తున్నాడు. హాయిగా ఉన్నాడు. ఆ రాగం నేను భరించలేకపోయాను. వెళ్లి పక్కన కూర్చున్నాను.

"నాయినా. నా కాలు బెణకలే."

ఆయన చేయి ఆగలేదు. "ఎర్కనే."

"ఏమెర్క?"

"నా కండ్లు గూడ సూస్తయి గదరా. ఆ రోజు ఇంట్లకు మంచిగ నడిచే ఒచ్చినవ్. మీ అమ్మ నూనె తేంగనే కుంటినవ్."

ఆయన సంచి పక్కన పెట్టాడు. గొంతు తగ్గించి, నన్ను ఓదారుస్తున్నట్టే చెప్పాడు.

"దానికేందిరా, గట్ల మొకం పెడ్తవ్. నేను నిన్ను పంపిందే అందుకు. కాగితం మీద సంతకం పెట్టకుంటె అది అన్నం తినకపోతుండె, ఇంట్ల రోజూ లొల్లి. పెడ్తె నెలరోజులు యాడికో మంచులకు పోతుండె. నువ్వుంటె ఆఖరిదాకా పోదని నాకు తెల్సు. నువ్వు ఏది వట్టుకున్నా ఆఖరిదాకా చెయ్యవు గద. గా నమ్మకంతోనే పంపిన."

నా భుజం తట్టాడు. "మంచి పని చేసినవ్. ఇగ దీన్ని ఇడిచిపెట్టు."

ఆయన కోపంతో అన్నా, వెక్కిరించి అన్నా నేను తట్టుకునేవాణ్ని. ఆయన ప్రేమగా అన్నాడు. నా బుద్ధి ఎంతో ఆయనకు తెలుసు. గడియారం వేళకు కొడుతుందని నమ్మినట్టు దాన్ని నమ్ముకున్నాడు. నేను దాన్ని తప్పకుండా చేసి చూపించాను.

మర్నాడు దుకాణానికి పోలేదు. హరి మేడ మీద బట్టలు ఆరేస్తుంటే వెళ్లాను. ఎలా మొదలుపెట్టాలో నాలుగు రకాలుగా అనుకుని వెళ్లాను కాని ఒక్కటీ గుర్తు రాలేదు.

"హరీ, ఆ రోజు నా మోకాలికి ఏం కాలే" అన్నాను.

"మన్మాడ్‌లనే తెల్సింది" అంది ఆమె, అమ్మ చీర దులుపుతూ.

"నాయిన ఒట్టు గూడ పెట్టించుకోలే."

ఈసారి ఆమె చేతులు ఆగాయి. అది ఆమెకు తెలియదు. నమ్మింది. కాసేపటికి మళ్లీ చీర తీగ మీద వేసి కొసలు సరిచేసింది.

"మరి నాయినకు ఎందుకు చెప్పలే? నేనే ఉందామన్న అన్నవ్. నన్నెందుకు కాపాడినవ్?" అని అడిగాను.

ఆమె నా వైపు తిరిగింది. ఏడవలేదు. కోపం కూడా లేదు, ఉంటే బాగుండు అనిపించింది.

"నిన్ను కాపాడలే అన్నా. నువ్వు అవద్దమాడినవని చెప్తె నాయిన నిన్ను ఇంకోసారి పంపడు. నువ్వు రాకుంటె నన్ను పంపడు. నాకు ఇంకెవరున్నరు?"

ఖాళీ బకెట్టు తీసుకుని మెట్లు దిగి వెళ్లిపోయింది. నేను ఆ తడిబట్టల మధ్య చాలాసేపు నిలబడ్డాను.

ఫిబ్రవరిలో మేడం కొత్త అమ్మాయిలను తీసుకుని హరిశ్చంద్రగఢ్‌కు మళ్లీ పోతున్నట్టు తెలిసింది. ఆ ఒక్క కొండే. దాంతో ఏ సీటూ రాదు, ఏ కాగితమూ రాదు. హరి నాయినను అడగలేదు. నన్ను అడిగింది.

"వస్తవా?"

"వస్త."

నేనే నాయినతో మాట్లాడాను. నేను వెంట ఉంటానన్నాను. ఆయన నా ముఖంలోకి చూసి, చిన్నగా నవ్వి, సరే పోన్రి అన్నాడు. ఆ నవ్వు అర్థం నాకొక్కడికే తెలుసు.

గుడి దగ్గరికి తొమ్మిదింటికే చేరాం. గడ్డి అంతా ఎండి పచ్చదనం పోయింది. హరి బూట్లు బిగించుకుంది. నేనూ వంగి నావి బిగించుకుంటుంటే వచ్చి నా ముందు నిలబడింది.

"నువ్వు ఈడ కూసో అన్నా."

"లేదు, నేను గూడ వస్త. ఈసారి నిజంగ వస్త హరీ."

"వద్దు" అంది, చాలా మెత్తగా. "నువ్వు యెంట ఉంటె నేను మల్ల ఎనక్కి సూసుకుంట ఎక్కాలె."

కూర్చున్నాను. ఆమె పొదల్లోకి వెళ్లింది. కాసేపటికి పైన రాళ్ల మీద కనిపించింది. ఒకే తీరుగా, ఆగకుండా పోతోంది. ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. శిఖరం అంచున నిలబడ్డాక నేను లేచి చేయి ఊపాను. ఆమె అవతలి వైపు చూస్తోంది.

దిగి వచ్చాక ఏం కనిపించిందని నేను అడగలేదు. అడిగే ముఖం లేదు. తనూ చెప్పలేదు.

మంచు శిక్షణకు మరో అవకాశం హరికి ఎప్పుడూ రాలేదు. మరుసటి ఏడు కాలేజీకి ఆ సీటే ఇవ్వలేదు. తర్వాత ఆమె ఒక బడిలో ఆటల టీచరైంది. అప్పటి నుంచి చలికాలం వస్తే పిల్లల్ని కొండలకు తీసుకుపోతోంది. ఎవరి సంతకమూ ఎవరి తోడూ అక్కర్లేని రోజు వచ్చేదాకా ఆమె వెంట నేనే వెళ్లాను. కొండ కింద కూర్చునేవాణ్ని.

ఆ ఫిబ్రవరి సోమవారం ఇంటికి వచ్చాక, నాయిన అన్నం ముందు కూర్చుని అడిగాడు.

"ఎట్లయింది మరి? ఈసారన్న ఎక్కిన్రా?"

"ఎక్కినం నాయినా" అంది హరి.

"ఇద్దరా?" ఆయన చేతిలో ముద్ద ఆగింది. "వీడు గూడనా?"

"అన్ననే ముందు ఎక్కిండు" అంది ఆమె, నా కంచంలో పప్పు వేస్తూ.

నాయిన నన్ను చూశాడు. నా జీవితంలో ఆయన నన్ను అలా చూడటం అదే మొదటిసారి. ఆశ్చర్యం, ఆ వెనకే కొంచెం సిగ్గు, ఇన్నాళ్లూ నా గురించి తప్పు లెక్క వేసుకున్నానే అన్నట్టు. "అట్లనా" అన్నాడు. తన కంచంలోని అప్పడం తీసి నా కంచంలో వేశాడు.

నేను కిందే కూర్చున్నానని నిజం చెబితే నాయిన హరిని మళ్లీ గడప దాటనివ్వడు. నేను తల వంచుకుని ఆ అప్పడం తిన్నాను.